చెడు వార్త మీ దాకా వస్తోందా?

సభకు నమస్కారం. పరిచయాలు అయ్యాయి, సమయం తక్కువ. నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం నాయకత్వ శైలులు. శైలులు ఎన్ని, ఏది ఎప్పుడు పనికొస్తుంది, రేపు ఆఫీసుకు వెళ్లి ఏం చేయాలి అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను.

1939లో కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ అనే ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు అమెరికాలో పదేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగం గురించి రాశారు. బడి వదిలాక పిల్లలు చిన్న చిన్న బృందాలుగా కూర్చుని మాస్కులు తయారుచేయడం లాంటి పనులు చేసేవారు. ఒక పెద్దాయన ప్రతి అడుగూ తానే చెప్పి చేయించేవాడు. ఇంకొకాయన పిల్లలతో మాట్లాడి, నిర్ణయం వాళ్లచేతే తీయించేవాడు. మూడో ఆయన సామాన్లు ఇచ్చి పక్కకు తప్పుకునేవాడు. మూడో చోట పని సరిగా సాగలేదు. మొదటి చోట బాగానే జరిగింది, ఆయన గదిలో ఉన్నంతసేపు. ఆయన బయటికి వెళ్లగానే పని మందగించింది. రెండో బృందం మాత్రం పెద్దాయన ఉన్నా లేకపోయినా చేతిలో పని వదల్లేదు. మీరు సెలవు పెట్టిన రోజు మీ టీమ్ ఏం చేస్తోందో ఒకసారి కనుక్కోండి. మీ శైలి ఏమిటో అక్కడే తెలుస్తుంది.

2000లో మనస్తత్వవేత్త డేనియల్ గోల్‌మన్ ఈ మూడింటిని దాటి ఆరు శైలులు చెప్పారు. ఆజ్ఞాపించేది, గమ్యం చూపేది, మనుషుల్ని కలుపుకుపోయేది, అందరి మాటా వినేది, తానే ముందు పరిగెత్తేది, నేర్పించేది. వీటిలో ఐదోదాని దగ్గర ఆగుదాం, ఎందుకంటే కొత్తగా ప్రమోషన్ వచ్చినవాళ్లలో చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. బాగా పని చేసేవాళ్లనే పైకి తీసుకుంటారు. వాళ్లకు పని చేయడం వచ్చు, చేయించడం రాదు. కిందివాళ్లు పంపిన రిపోర్టును రాత్రి కూర్చుని తామే తిరగరాస్తారు. రెండుసార్లు అలా జరిగితే, మూడోసారి అవతలివాళ్లు సగం సగమే రాసి పంపుతారు, ఎలాగూ ఆయన మార్చేస్తారు కదా అని. అది చూసి ఈయన "వీళ్లకు బాధ్యత లేదు" అంటారు. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. కానీ ఆరు నెలలు ఇలాగే నడిస్తే ఆ టీమ్‌లో పని తెలిసిన మనిషి ఒక్కడే మిగులుతాడు.

రెండో భాగం త్వరగా చెప్పేస్తాను. మేనేజ్‌మెంట్ రచయితలు పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో మొదలుపెట్టిన ఆలోచన ఇది. ఎదుటి మనిషికి ఆ పనిలో ఎంత అనుభవం, ఎంత ధైర్యం ఉన్నాయో చూసి శైలి ఎంచుకోవాలి. పదేళ్లు లెక్కలు చూసిన అకౌంటెంట్‌కు నెలాఖరు ముగింపు పని పూర్తిగా వదిలేయొచ్చు. అదే మనిషికి కొత్త సాఫ్ట్‌వేర్ అప్పగించిన వారం పక్కన కూర్చుని అడుగడుగూ చూపించాలి. శైలి మార్చడమంటే ఏ ఎండకా గొడుగు పట్టడం కాదు. మార్చే ముందు నోటితో చెప్పండి: "ఇది నీకు కొత్త, రెండు వారాలు రోజూ అడుగుతాను, తర్వాత అడగను." ఆ ఒక్క మాట చెప్పకపోతే తన మీద నమ్మకం పోయిందనుకుంటారు.

ఇక మూడో భాగానికి ముందు ఒక సంఘటన చెప్పాలి. 1977 మార్చి 27. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో టెనెరిఫె విమానాశ్రయం. పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో విమానాలన్నీ ఇక్కడికి మళ్లాయి. దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు. ఒకటి చివరికెళ్లి వెనక్కి తిరిగి టేకాఫ్‌కు సిద్ధంగా ఉంది. రెండోది అదే రన్‌వే మీద ఎదురుగా మెల్లగా వస్తోంది. ఒకదానికొకటి కనిపించవు.

మొదటి విమానం కెప్టెన్ మామూలు మనిషి కాడు. తన సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. పక్క సీట్లో ఉన్న కో-పైలట్‌కు ఈ రకం విమానం మీద అర్హత పరీక్ష పెట్టింది కూడా ఆయనే. కెప్టెన్ ఇంజన్ల వేగం పెంచబోయాడు. అనుమతి ఇంకా రాలేదని కో-పైలట్ గుర్తుచేశాడు. అయితే అడగమన్నాడు కెప్టెన్. కంట్రోల్ టవర్ నుంచి వచ్చింది గాల్లోకి లేచాక ఏ దారిన వెళ్లాలన్న సమాచారమే, బయల్దేరడానికి అనుమతి కాదు. కో-పైలట్ దాన్ని రేడియోలో తిరిగి చెబుతుండగానే విమానం కదిలింది. ఈసారి అతను కెప్టెన్‌ను ఆపలేదు. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్ రేడియోలో ఏదో విన్నాడు, ఎదుటి విమానం రన్‌వే దాటిందా లేదా అని అడిగాడు. దాటేసిందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంజనీర్ మళ్లీ నోరెత్తలేదు. రెండు విమానాలూ ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు.

కారణాలు చాలా ఉన్నాయి. మంచు, ఒకేసారి రెండు గొంతులు పలకడంతో చెదిరిన రేడియో, అస్పష్టమైన మాటలు. కానీ నా కళ్లముందు నిలిచేది ఆ కాక్‌పిట్. ప్రమాదం సంగతి అనుమానించిన మనిషి అక్కడే ఉన్నాడు, నోరు తెరిచాడు కూడా. ఒక్క జవాబుతో ఆ నోరు మూతపడింది. ఆ తర్వాతి ఏళ్లలో విమాన సిబ్బందికి కొత్త శిక్షణ వచ్చింది. చిన్నవాళ్లకు అడ్డుచెప్పడం, కెప్టెన్లకు వినడం నేర్పారు. ఈ రెండోదే కష్టం.

మీలో టీమ్‌లు నడిపేవాళ్లు ఒకసారి చేయెత్తండి. చాలామంది ఉన్నారు. గత నెల రోజుల్లో మీ కింద పనిచేసేవాళ్లు "మీ నిర్ణయం తప్పు" అని ఎన్నిసార్లు అన్నారో మనసులో లెక్కపెట్టుకోండి. ఒక్కసారి కూడా లేదంటే మీరు తప్పే చేయలేదని కాదు, మీ దాకా రాలేదని.

అందుకే రాసుకొచ్చిన మూడో భాగం పక్కన పెడుతున్నాను. మిగిలిన సమయమంతా దీనికే ఇస్తాను.

చెడు వార్త చెప్పడానికి ఒకరు మీ టేబుల్ దగ్గరికి వచ్చారు. మొదటి పది సెకన్లలో మీ ముఖంలో ఏముందో ఆ గది మొత్తం చూస్తుంది. మొదటి ప్రశ్న "ఎవరు చేశారు" అయితే, ఇక మీకు వార్తలు ఆలస్యంగా వస్తాయి. "ఇప్పుడే చెప్పి మంచిపని చేశావు. ఇంకా ఏమేం దెబ్బతినొచ్చు? ఎప్పటిలోగా ఏం తేలాలి?" అనండి. కారణాల విచారణ మర్నాడు పెట్టుకోవచ్చు. ఇంకొక మాట చాలామంది పెద్దలకు ఇష్టం: "సమస్యతో రాకు, పరిష్కారంతో రా." దయచేసి ఈ మాట మానేయండి. పరిష్కారం తెలియని సమస్యలే ప్రమాదకరమైనవి. ఆ మాటతో వాటికే తలుపు మూస్తున్నారు. హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాలను పరిశీలిస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. పొరపాటు దాచాల్సిన అవసరం లేనిచోట అది కాగితం మీదికి వస్తుంది.

మీటింగ్‌లో మీ అభిప్రాయం చివర చెప్పండి. మీరు ముందు చెబితే మిగిలినవాళ్లు దానికి తలూపుతారు. "ఏమైనా సందేహాలున్నాయా?" అని అడగకండి, లేవు అనడం తేలిక. "ఇది మూడు నెలల్లో విఫలమైందనుకోండి, ఎందుకై ఉంటుంది?" అని అడిగి, రెండు నిమిషాలు అందరిచేతా కాగితం మీద రాయించండి. రాశాక కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టి చదివించండి.

ఒక్కొక్కరితో వారానికో, రెండు వారాలకోసారి అరగంట కూర్చోండి. మొదటి ఇరవై నిమిషాలు వాళ్లవి. పని ఎంతవరకు వచ్చిందని అడగడానికి ఆ సమయం వాడొద్దు, అది మెయిల్‌లో తెలుస్తుంది. వరుసగా రెండుసార్లు వాయిదా వేస్తే, మూడోసారి కూర్చున్నా వాళ్లు మనసులో మాట చెప్పరు.

పని అప్పగించేటప్పుడు ఏం తేవాలో, ఎప్పటికో, ఏ నిర్ణయాలు మిమ్మల్ని అడగకుండా తీసుకోవచ్చో చెప్పండి. అవతలివాళ్లు అర్థం చేసుకున్నదాన్ని వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకోండి. పదో వంతు అయ్యాక ఒకసారి చూడండి. దారి తప్పి ఉంటే ఆ దశలో ఒక గంటలో సరిదిద్దుకోవచ్చు. గడువు ముందు రోజు చూస్తే మళ్లీ మీరే రాత్రి కూర్చుని తిరగరాస్తారు.

ఇక ప్రశ్నలు. ముందు వరుసలో పెద్దలున్నారు, వారిని ఒక పది నిమిషాలు ఆగమని వేడుకుంటున్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది దాటనివాళ్లు వెనక ఎవరున్నారు? మైకు అక్కడికి పంపండి. నేను చెప్పినదాంట్లో మీ ఆఫీసులో ఎందుకు కుదరదో, ముందు అది చెప్పండి.