ఉయ్యాల తాడును పొడవు చేద్దాం: శబ్దం వింటే అదిరే వైర్‌లెస్ అలర్ట్ ప్రాజెక్టు

నమస్తే అండీ. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ చదివే మన తెలుగు పిల్లల దగ్గర్నుంచి నాకు తరచూ వచ్చే మెసేజ్ ఒకటుంది: "అన్నా, సౌండ్ సెన్సార్‌తో వైర్‌లెస్ అలర్ట్ ప్రాజెక్టు చేస్తున్నాం, సర్క్యూట్ ఉంటే పెట్టండి." పెడతాను. దానికి ముందు ఒక తాడు సంగతి చెప్పాలి.

నేను ఫైనల్ ఇయర్‌లో ఉన్నప్పుడు మేం కేఆర్ పురంలో ఉండేవాళ్లం. పక్క పోర్షన్‌లో మదనపల్లె వాళ్లు. ఆ అక్కకు పుట్టుకతోనే చెవులు వినపడవు. ఐదు నెలల బాబు, అన్నకేమో నైట్ షిఫ్టులు. చీరతో కట్టిన ఉయ్యాలకు ఒక నూలుతాడు ముడేసి, రెండో కొస తన ఎడమ చేతి మణికట్టుకు కట్టుకొని పడుకునేది. బాబు లేచి కాళ్లు ఆడిస్తే తాడు లాగుతుంది, ఆమెకు మెలకువ వస్తుంది. మణికట్టు చుట్టూ తాడు ఒరుసుకున్న సన్నటి గీత ఒకటి ఎప్పుడూ కనిపించేది. పగలు వంటింట్లోకి వెళ్తే తాడు అందదు కదా, రెండు నిమిషాలకోసారి వచ్చి తొంగిచూసి పోయేది. పొయ్యి మీద పాలు పెట్టిందంటే ఇంకా టెన్షన్.

ఆ తాడును వంటింటి దాకా పొడవు చేయడమే ఈ ప్రాజెక్టు. అలా అనుకొని మొదలుపెడితే డిజైన్ మొత్తం మారిపోతుంది.

ల్యాబ్‌లో ఏం చేస్తాం? బల్ల మీద బోర్డు పెట్టి చప్పట్లు కొడతాం, అవతల ఎల్‌ఈడీ వెలుగుతుంది, మార్కులు పడతాయి. నేనూ మొదట అదే బోర్డు పట్టుకెళ్లి అక్క వంటింట్లో పెట్టాను. మిక్సీ వేయగానే అలర్ట్, గిన్నె కింద పడితే అలర్ట్. బాబు ఏడుపు మాత్రం గోడ దాటి వచ్చేసరికి ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయింది. సెన్సిటివిటీ పెంచుదామని స్క్రూ తిప్పుతూ ఒక సాయంత్రమంతా పోగొట్టాను. తప్పు స్క్రూలో లేదు, మైకు ఉన్న చోటులో ఉంది.

లెక్క చూడండి. మైకు ఉయ్యాలకు అర మీటరు దూరంలో, మిక్సీకి 4 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. దూరం 8 రెట్లయితే శబ్దపు ఒత్తిడి సుమారు 8వ వంతుకు పడిపోతుంది, అంటే 18 డెసిబెల్స్ తగ్గినట్టు. గది గోడలు శబ్దాన్ని తిరిగి కొడతాయి కాబట్టి ఇంట్లో అచ్చంగా అంత రాదు, కానీ తేడా మాత్రం పెద్దదే. ఏ కోడూ రాయకుండా, పైసా ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇది. వైర్‌లెస్ పెట్టేది అందుకే. చెవి ఏడుపు దగ్గర ఉండాలి, అదురు అమ్మ ఒంటి దగ్గర ఉండాలి, మధ్యలో దూరం రేడియో చూసుకోవాలి. పెట్టెను గోడకు బిగించండి. వైర్లు, బ్యాటరీ బాబు చేతికి ఏమాత్రం అందకూడదు.

ఇక మైకు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో కండెన్సర్ మైక్ అని అడిగితే చిన్న గుండీ అంత ఉండేది ఇస్తారు. దాని అసలు పేరు ఎలెక్ట్రెట్ మైక్, 1962లో బెల్ ల్యాబ్స్‌లో సెస్లర్, వెస్ట్ అనే ఇద్దరు కనిపెట్టారు. వెనక్కి తిప్పి చూస్తే రెండు టంకం చుక్కలుంటాయి. ఒక చుక్క నుంచి సన్నటి గీతలు లోహపు అంచు దాకా వెళ్తాయి, అది గ్రౌండ్. రెండోదానికి 10 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా 5 వోల్టులు ఇవ్వాలి. వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే, కాబట్టి ఎల్‌ఎం358 అనే యాంప్లిఫయర్ చిప్‌తో ఓ 100 రెట్లు పెంచుతాం. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. 5 వోల్టుల సప్లై మీద ఎల్‌ఎం358 అవుట్‌పుట్ దాదాపు 3.5 వోల్టుల దాకానే లేస్తుంది. అలవాటుగా సగానికి, 2.5 దగ్గర బయాస్ (శబ్దం లేనప్పుడు అవుట్‌పుట్ నిలిచే వోల్టేజీ) పెడితే పైసగం ముందే కోసుకుపోతుంది. 1.7 దగ్గర పెట్టండి, రెండువైపులా సమానంగా చోటుంటుంది.

రెడీమేడ్ మైక్ బోర్డు కొనేవాళ్లకు ఒక మాట. గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే రెట్లు, దానంతటదే సర్దుకునే రకం ఈ పనికి తీసుకోవద్దు. గది నిశ్శబ్దంగా ఉంటే అది గెయిన్ పెంచేసి ఫ్యాన్ గాలిని కూడా కేకలా చూపిస్తుంది.

శబ్దం గట్టిగా ఉందా అని మాత్రమే చూస్తే చాలదు, అది నడిచే తీరు చూడాలి. బిడ్డ ఏడుపుకు ఒక లయ ఉంటుంది: ఓ సెకను పాటు కేక, ఊపిరి పీల్చుకోవడానికి చిన్న విరామం, మళ్లీ కేక. తలుపు చప్పుడు ఒక్కసారే వస్తుంది, మిక్సీ ఆపకుండా మోగుతుంది. నా కోడ్‌లో ఆర్డ్యునో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ప్రతి 50 మిల్లీసెకన్లకు సిగ్నల్ ఎత్తు కొలుస్తుంది. అర సెకనుకు పైగా గట్టి శబ్దం, తర్వాత విరామం, ఇలా 10 సెకన్లలో మూడుసార్లు వస్తేనే అలర్ట్. పచ్చడికి మిక్సీని తిప్పి వదిలి, తిప్పి వదిలి వేస్తారు చూడండి, దానికి ఈ కోడ్ కూడా మోసపోయింది. అక్కడ కాపాడింది మళ్లీ మైకు చోటే.

రేడియోకు 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జత చాలు. చవకది, ఒక ఇంటి దూరానికి సరిపోతుంది. సిగ్నల్ లేనప్పుడు ఈ రిసీవర్ ఊరికే ఉండదు, పిచ్చిపిచ్చిగా ఒకట్లు, సున్నాలు కక్కుతూనే ఉంటుంది. డేటా పిన్నుకు ఎల్‌ఈడీ పెట్టి చూడండి, మినుకుమినుకుమంటుంది. అందుకే నేరుగా మోటారుకు కలపకూడదు, మధ్యలో పంపేవైపు హెచ్‌టీ12ఈ ఎన్‌కోడర్, అందుకునేవైపు హెచ్‌టీ12డీ డీకోడర్ చిప్‌ల జత ఉండాలి. ఎనిమిది అడ్రస్ పిన్నులు, అంటే 256 అడ్రస్‌లు. వరుసగా మూడుసార్లు అడ్రస్ కుదిరితేనే డీకోడర్ నమ్ముతుంది. మా డెమో రోజున పక్క బెంచీ వాళ్లు చప్పట్లు కొడితే మా మోటారు అదిరింది. రెండు టీముల వాళ్లమూ ఎనిమిది పిన్నులనూ గ్రౌండ్‌కే కలిపేశాం! ఇప్పుడు ఆర్డ్యునోలో రేడియోహెడ్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ వాడితే ఆ చిప్‌లు లేకుండానే చేయొచ్చు. అయినా మీ సొంత అడ్రస్ పెట్టుకోవడం మానొద్దు.

యాంటెన్నాగా 17.3 సెంటీమీటర్ల ఒంటిపోగు వైరు. ఆ ఫ్రీక్వెన్సీలో తరంగం పొడవు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు. పెట్టెలో పట్టలేదని చుట్టచుట్టి కుక్కితే రేంజ్ పోతుంది.

అదురుకు ఫోన్లలో ఉండే నాణెం ఆకారపు మోటారు. సుమారు 80 మిల్లీయాంపులు లాగుతుంది. సన్నగా ఉంటుందని సీఆర్2032 బటన్ సెల్ పెడితే ఒక్క కుదుపు కుదిపి బోర్డు రీసెట్ అవుతుంది, ఆ సెల్ ఇవ్వగలిగేది కొద్ది మిల్లీయాంపులే. చిన్న లిథియం బ్యాటరీ, 2ఎన్2222 ట్రాన్సిస్టర్, మోటారుకు అడ్డంగా డయోడ్ పెట్టండి.

అంతా బాగా పనిచేస్తున్న రోజున అక్క నా నోటుబుక్ తీసుకొని ఒక ప్రశ్న రాసింది: "ఇది చచ్చిపోతే నాకెట్ల తెలుస్తుంది?" వైవాలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. బాబు నిద్రపోతున్నా, బ్యాటరీ అయిపోయినా, ఆమె నడుము దగ్గర మోటారు ఒకేలా ఊరుకుంటుంది. ఆ రాత్రే మార్చాను. ఉయ్యాల దగ్గరి పెట్టె ప్రతి 30 సెకన్లకు "ఉన్నాను" అని ఒక సంకేతం పంపుతుంది. హెచ్‌టీ12ఈలో నాలుగు డేటా బిట్లున్నాయి కాబట్టి ఏడుపుకు ఒకటి, దీనికి ఒకటి. వరుసగా మూడు సంకేతాలు అందకపోతే మోటారు వేరే తీరులో, రెండు చిన్న కుదుపులతో అదురుతుంది. రిసీవర్ బ్యాటరీ తగ్గుతున్నా అంతే, పూర్తిగా అయిపోకముందే చెప్పాలి.

పగలు అక్క దాన్ని కొంగు దోపుకునే చోట పెట్టుకొని నింపాదిగా వంట చేసుకునేది. రాత్రి మాత్రం తాడు కట్టుకునే పడుకుంది. నేనూ వద్దనలేదు.

సర్క్యూట్, కోడ్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. అందులోని థ్రెషోల్డ్ విలువ, అంటే ఎంత దాటితే గట్టి శబ్దంగా లెక్కించాలన్న హద్దు, మా పక్కింటి గదికి సరిపోయింది. మీరు పెట్టబోయే గదిలో ఫ్యాన్ వేసి, టీవీ పెట్టి, ఓ పది నిమిషాలు కొలిచి మార్చుకోండి.