అన్నయ్య గురించి కాదు, డబ్బా గురించి

పెద్దలకు, అమ్మలకు, గోడవారగా నిలబడ్డ మన పిల్లలకు నమస్కారం. ఉగాది భోజనాలకు ముందు పది నిమిషాలు నాకిచ్చిన కార్యవర్గానికి కృతజ్ఞతలు. ఇక్కడ వర్జీనియాలో ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగాలకు కావలసిన సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి గురించి చెప్పమన్నారు.

పౌరసత్వం రాగానే మనవాళ్లకు పట్టుకునే భయం ఒకటే. "అమ్మానాన్నలు ఇండియాలో ఉన్నారు, మనకెందుకిస్తారు?" అని. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాలు 13. వాటిలో ‘బి’ విదేశీ ప్రభావం గురించి. విదేశంలో బంధువులున్నంత మాత్రాన కాదనరు. అది ఏ దేశం, ఆ బంధువు ఏం చేస్తాడు, అతణ్ణి అడ్డం పెట్టుకుని మిమ్మల్ని ఎవరైనా లొంగదీసుకోగలరా, ఇక్కడ మీరెంతగా స్థిరపడ్డారు, ఇవన్నీ కలిపి చూస్తారు.

మా అన్నయ్య తెనాలి దగ్గర ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారు. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో, మీ బంధువుకు విదేశీ ప్రభుత్వంతో సంబంధం ఉందా అని అడుగుతారు. పంతులుగారికి ఏం సంబంధం అనుకున్నాను ముందు. కానీ జీతమిచ్చేది ప్రభుత్వమే కదా, రాశాను. నాన్న మందులకు నెలనెలా పంపే డబ్బు రాశాను. పొలంలో నా వాటా రాశాను. ఇంటర్వ్యూకి వచ్చిన ఆయన, అన్నయ్యతో ఎప్పుడెప్పుడు మాట్లాడతారని అడిగాడు. ప్రతి ఆదివారం అన్నాను. రాసుకున్నాడు. దానివల్ల నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

నన్ను దెబ్బతీసింది మా ఇంట్లో ఉన్న నీలం రంగు బిస్కెట్ల డబ్బా. సూదీదారం పెట్టుకుంటాం చూడండి, అలాంటిది. నా ఉద్యోగం పోయిన ఏడే మా ఆవిడకు ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి బిల్లులు, తర్వాత వసూలు కంపెనీల ఉత్తరాలు. ఒక్కటీ విప్పలేదు, అన్నీ ఆ డబ్బాలో పెట్టి మూత పెట్టేశాను. పరువు! అన్నయ్యకు కూడా చెప్పలేదు. ఆదివారం ఆదివారం మాట్లాడుతూ కూడా చెప్పలేదు.

గత 7 ఏళ్లలో 120 రోజులకు మించి కట్టని బాకీ ఏదైనా ఉందా అని ఫారంలో ఉంటుంది. లేదని పెట్టాను. బాకీ అంటే ఒకరి దగ్గర చెయ్యి చాచి తెచ్చుకున్నదని నా లెక్క. కానీ క్రెడిట్ రిపోర్టులో అంతా ఉంది. అభ్యంతరాల లేఖ వచ్చింది. బాకీలు డబ్బు వ్యవహారాలు చూసే ‘ఎఫ్’ మార్గదర్శకం కింద, నేను లేదని రాసిన మాట వ్యక్తిగత నడవడి చూసే ‘ఇ’ కింద. జవాబుకు 20 రోజులు గడువు. కంపెనీ ఆ వారమే నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించింది.

అప్పంటే క్లియరెన్స్ ఇచ్చేవాళ్లకు ఎందుకంత భయమో చెబుతాను. అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ అప్పుల్లో కూరుకుపోయి, 1985లో 50 వేల డాలర్లకు సోవియట్లకు రహస్యాలు అమ్మాడు. 1994లో గానీ దొరకలేదు. ఈలోపు అమెరికాకు సాయం చేసిన వాళ్లను అక్కడ చంపేశారు. ఆ భయం న్యాయమైనదే. కానీ ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు లాంటివి మీ చేతిలో లేని కారణాలనీ, ఆ తర్వాత మీరు బాధ్యతగా నడుచుకుంటే అది మీ వైపు లెక్కలోకి వస్తుందనీ అదే నిబంధనల్లో రాసి ఉంది. ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

మా ఆవిడ డబ్బాను భోజనాల బల్ల మీద బోర్లించింది. 11 కవర్లు. ఒక్కొక్కటీ విప్పి, తనే నంబర్లు కలిపి ఫోన్ నా చేతికిచ్చింది. వాయిదాలు కుదిరాయి. కట్టిన ప్రతి రసీదూ దాచాం. అభ్యంతరాల మీద జరిగిన విచారణలో జడ్జిగారు ఆ రసీదులు చూసి బాకీల సంగతి త్వరగానే వదిలేశారు. గంటసేపు అడిగింది ‘లేదు’ అని ఎందుకు పెట్టావనే. చివరికి క్లియరెన్స్ ఇచ్చారు. పోయిన ప్రాజెక్టు మాత్రం తిరిగి రాలేదు.

అమ్మా, బాబూ, బావమరిది కారు లోనుకు మీరు హామీ సంతకం పెట్టి, ఆయన కట్టకపోతే అదీ మీ బాకీ కిందే అడుగుతారు. ఈ రాత్రే ఇంట్లో అడిగి తెలుసుకోండి.

భోజనాల దగ్గర ఎడమవైపు చివరి బల్ల దగ్గర ఉంటాను. విప్పని కవర్లు ఎవరింట్లో ఉన్నా సరే, వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇదే హాలుకు పట్టుకురండి. మా ఆవిడా వస్తుంది. కలిసి కూర్చుని విప్పుదాం.