ఎర్రబడని తీగ, ఆరని వత్తి: నమూనా ఆవిరి ఇంజన్‌కు పొగ
(మహబూబ్‌నగర్‌లో నమూనా రైళ్లు చేసేవారి ముందు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సికింద్రాబాద్ నుంచి జడ్చర్ల, పాలమూరు, గద్వాల మీదుగా కర్నూలు వైపు పోయే మన దారి బ్రాడ్ గేజ్ కాకముందు మీటర్ గేజే. ఆ కాలపు వైపీ, వైజీ రకాల ఆవిరి ఇంజన్ల నమూనాలు చేసేవాళ్లు మనలో ఉన్నారు. చక్రాలు, రాడ్లు, రంగు అన్నీ కుదిరాక చూపు పోయేది పొగగొట్టం మీదికే. దాంట్లోంచి పొగ వస్తే తప్ప ఇంజన్‌కు ప్రాణం వచ్చినట్టుండదు. ఇవాళ ఆ ఒక్క పని గురించే మాట్లాడుకుందాం.

అసలు ఇంజన్‌లో సిలిండర్లు వదిలిన ఆవిరి బ్లాస్ట్ పైపు గుండా పైకి చిమ్ముతూ, పొయ్యిలోని పొగను కూడా తనతో గుంజుకుపోతుంది. మనకు తెల్లగా కనపడేదాంట్లో ఎక్కువ భాగం పొగ కాదు, చల్లబడిన ఆవిరి తుంపర. నమూనాలోనూ అంతే. పొగగొట్టంలో పొగ యూనిట్ అనే చిన్న హీటర్ ఉంటుంది, దాంట్లో పోసిన నూనె కాలదు. వేడికి ఆవిరై, గాలి తగలగానే సన్నటి తుంపరగా మారుతుంది. నూనె గాని మాడిందా, కంపు కొడుతుంది, మసి పడుతుంది, యూనిట్ పోతుంది. హీటర్ తీగ ఎర్రబడకూడదు, దానికి నూనె అందించే వత్తి తడి ఆరకూడదు. మిగతా జాగ్రత్తలన్నీ ఈ రెండింటి కోసమే.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలోని లయనెల్ కంపెనీ 1946లో బల్బు వేడితోనే ఒక మాత్రను కరిగించి పొగ తెప్పించింది. మరుసటి ఏడాదికే బల్బును వదిలి హీటర్ తీగకు మారింది. ఇప్పుడు హెచ్‌ఓ సైజుకు, అంటే 1:87కు, జర్మనీ సోయ్‌తె రకం యూనిట్లు దొరుకుతాయి. చిన్న లోహపు గొట్టం, లోపల హీటర్ తీగ, నడుమ వెంట్రుకలాంటి సన్నని గొట్టం. అడుగున నూనె మరిగి బుడగలు కడుతుంది. ఆ బుడగలు సన్న గొట్టంలో పైకి తన్నుకొస్తాయి. అందుకే పొగ ఒకే ధారగా కాకుండా ఆగి ఆగి వస్తుంది.

కొనేటప్పుడు వోల్టేజీ చూడండి. 12 వోల్టుల యూనిట్‌ను 16 వోల్టుల డిజిటల్ లైను (పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉండి, ఇంజన్‌కు సంకేతాలు పోయే పద్ధతి) మీద పెడితే వేడి మూడో వంతు పెరుగుతుందనుకుంటారు. కాదు, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది: 1.78 రెట్లు. తీగ ఎక్కువ కాలం బతకదు. కొన్ని యూనిట్లకు పై లోహపు గొట్టమే ఒక కనెక్షన్. అది ఇంజన్ ఛాసిస్‌కు తగిలితే షార్ట్ అవుతుంది. రెండు తీగలు విడిగా వచ్చే రకమే తీసుకోండి. ఆ సంకేతాలను ఇంజన్‌లో అందుకునే చిన్న డీకోడర్లలో, లైటు, పొగలాంటివాటికి పోయే ఒక్కో ఫంక్షన్ తీగ చాలాసార్లు 100 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. యూనిట్ అంతకుమించి లాగితే నడుమ చిన్న ట్రాన్సిస్టరో రిలేనో పెట్టాలి. మామూలు డీసీ లైను మీదైతే వేగాన్ని వోల్టేజీతోనే మారుస్తాం కాబట్టి, బండి మెల్లగా పోయినప్పుడు వోల్టేజీ చాలక పొగ రాదు. అది యూనిట్ లోపం కాదు.

సొంతంగా చేసుకునేవాళ్లు లెక్క రాసుకోండి. 5 వోల్టుల దగ్గర ఒకటిన్నర వాట్లు కావాలంటే 0.3 ఆంపియర్, అంటే సుమారు 17 ఓములు. 0.1 మి.మీ. నైక్రోమ్ తీగ మీటరుకు దాదాపు 139 ఓములు, కాబట్టి 12 సెం.మీ. సరిపోతుంది. ఒకటిన్నర మి.మీ. లావు వత్తి మీద చుడితే 24, 25 చుట్లు వస్తాయి, చుట్టు చుట్టుకూ నడుమ కొంచెం సందు ఉంచాలి. హీటర్ రిపేరు దుకాణంలో దొరికే 0.4 మి.మీ. తీగైతే అదే 17 ఓములకు దాదాపు రెండు మీటర్లు కావాలి. అది పొగగొట్టంలో పట్టదు.

వత్తికి దీపం వత్తి పనికిరాదు. పత్తి మాడి బొగ్గవుతుంది. బోరు మోటార్లు వైండింగ్ చేసే దుకాణాల్లో గ్లాస్ ఫైబర్ స్లీవ్ ఉంటుంది. మన దగ్గర ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది. దానికి వార్నిష్ పూత ఉంటుంది కాబట్టి ముందు ఆరుబయట మంట మీద పట్టి పూతను కాల్చేయాలి. లేకుంటే మొదటి పొగంతా వార్నిష్ వాసనే. నైక్రోమ్‌కు మామూలు టంకం అంటదు. చివరలను గరుకు కాగితంతో రుద్ది, సన్న ఇత్తడి గొట్టంలో దూర్చి పట్టకారుతో గట్టిగా నొక్కండి. రాగి తీగను ఆ ఇత్తడికి టంకం వేయండి. 5 వోల్టులకు డిజిటల్ లైను నుంచి ముందు నాలుగు డయోడ్ల బ్రిడ్జి, తర్వాత వోల్టేజీ తగ్గించే చిన్న బక్ కన్వర్టర్. ఇవి ఇంజన్ వెనకుండే బొగ్గుబండి, అంటే టెండర్‌లో బొగ్గు కింద కూర్చుంటాయి.

ప్లాస్టిక్ బాడీ అయితే గొట్టం లోపల ఇత్తడి తొడుగు వేసి, చుట్టూ ఒక మి.మీ. గాలి సందు వదలండి. పాలిస్టైరీన్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

ఇక నూనె. కొన్న యూనిట్‌కు దాని కంపెనీ నూనే వాడండి. సొంత యూనిట్‌కు మెడికల్ షాపులో దొరికే లైట్ లిక్విడ్ పారాఫిన్ నడుస్తుంది. కొబ్బరినూనె, మంచినూనె మాడి జిగురు కడతాయి. కిరోసిన్ జోలికి అసలే పోవద్దు, అంటుకుంటుంది. గ్లిజరిన్ కలిపిన నీళ్లను నూనె యూనిట్‌లో పోస్తే సన్న గొట్టం మూసుకుంటుంది. వత్తి ఆరాక గ్లిజరిన్ మాడితే కళ్లు, గొంతు మండించే ఆవిరి వస్తుంది.

కొలతకు ఇన్సులిన్ సిరంజి మంచి సాధనం. ఎర్ర మూత 40 యూనిట్ల సిరంజిలో 4 యూనిట్ల గీత దాకా, నారింజ మూత 100 యూనిట్ల దాంట్లో 10 యూనిట్ల గీత దాకా: రెండూ 0.1 మి.లీ. మొదటిసారి అంతే పోయండి. స్విచ్ వేశాక గొట్టం అంచు మీద ఒక కన్నేసి ఉంచండి. ముందు ఏమీ ఉండదు, తర్వాత చిన్న గుడగుడ, ఆ తర్వాత దారప్పోగంత తెల్లటి గీత. గుడగుడమంటూ నూనె చుక్కలు బయటికి చిమ్ముతుంటే ఎక్కువ పోశారన్నమాట. స్విచ్ ఆపి, చల్లారాక ఇంజన్‌ను తలకిందులు చేసి టిష్యూ మీద వంచండి. పొగ పలచబడగానే స్విచ్ తీసేయండి. "ఇంకో రౌండు" అనుకున్నప్పుడే తీగలు తెగుతాయి.

చక్రంతో పాటు భుక్ భుక్‌మని పొగ రావాలంటే లోపల చిన్న ఫ్యాన్ కావాలి. రెండు సిలిండర్ల ఇంజన్‌లో చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు భుక్కులు. ఇరుసు మీద నాలుగు అయస్కాంతాలు, పక్కన రీడ్ స్విచ్, అయస్కాంతం దగ్గరికి రాగానే కలిసి ఫ్యాన్‌ను తిప్పుతుంది. భుక్కు విడివిడిగా రావాలంటే ప్రతిసారీ ఫ్యాన్ వెంటనే ఆగాలి. కరెంటు ఆపితే చాలదు, మోటార్ రెండు తీగలనూ కలిపేస్తే బ్రేకు పడుతుంది. అసలు వైపీ చక్రం వ్యాసం 1372 మి.మీ. కాబట్టి గంటకు 10 కి.మీ. దగ్గర సెకనుకు రెండున్నర భుక్కులు, 30 దగ్గర దాదాపు ఎనిమిది. అక్కడ కంటికి ధారే కనిపిస్తుంది. ఫ్యాన్ ఇమిడేది పెద్ద సైజుల్లోనే. హెచ్‌ఓలో చోటు కోసం పెనుగులాడొద్దని నా సలహా.

ఆ తుంపర గదిలో ఎక్కడో ఒకచోట వాలుతుంది. ముందుగా పట్టాల మీద. చక్రాలు జారుతాయి, కరెంటు అందదు, రబ్బరు టైర్లు ఉబ్బుతాయి. ఆట అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పట్టాలు, చక్రాలు తుడవండి, యూనిట్ పూర్తిగా చల్లారాకే సుమా. నూనె తుంపర ఊపిరితిత్తులకు మంచిది కాదు. పదేసి నిమిషాలు మించకుండా నడపండి, కిటికీ తెరవండి, చిన్న పిల్లల్ని గొట్టం మీదికి వంగనీయొద్దు. సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపండి, లేకుంటే హెచ్‌ఓ పొగ కంటికి ఆనకముందే చెదిరిపోతుంది. ఇంజన్‌ను పెట్టెలో దాచేముందు మిగిలిన నూనెను టిష్యూ మీదికి వంచేయండి. పక్కకు పడుకోబెట్టారంటే అది రంగు మీదికి కారి మరక పడుతుంది.