జిప్పు వేయించుకోవడానికి మూడు కిలోమీటర్లు

నమస్కారమండీ. ఈ వీడియో అనుకుని తీసింది కాదు. నా ప్యాంటు జిప్పు ఊడింది, అక్కణ్నుంచి మొదలైంది.

నవ్వకండి, చెప్తాను. పోయిన నెలలో ఒక పెళ్లికి వెళ్లాలి. ఉన్న ఒక్క మంచి ప్యాంటుకీ సరిగ్గా అప్పుడే జిప్పు పోయింది. మా వీధి మొదట్లో ఒక పెంకుటిల్లు, దాని అరుగు మీద టైలరు బాబాయ్ ఉండేవాడు. నా స్కూలు నిక్కర్ల దగ్గర్నుంచీ ఆయనే. ప్యాంటు కవర్లో పెట్టుకుని వెళ్లాను. బాబాయ్ లేడు. ఆయన లేకపోవడమేంటి, అరుగే లేదు. అరుగుతోపాటు ఇల్లూ లేదు. చుట్టూ ఆకుపచ్చ పరదా కట్టేశారు, లోపల జేసీబీ. రోజూ ఆ వీధిలోంచే బండేసుకుని వెళ్తాను, ఎప్పుడు పడగొట్టారో కూడా చూసుకోలేదు. అంత బాగా గమనిస్తాన్నమాట నేను, పైగా నాకో ఛానల్.

సరేనని జువ్వలపాలెం రోడ్డుకి వెళ్లాను. భీమవరం వాళ్లకి చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెప్తున్నా, జేపీ రోడ్డంటే అదే. బట్టల షోరూములు, హోటళ్లు, సాయంత్రం అయితే ఊరంతా అక్కడే. ఒక పెద్ద షాపులో అడిగితే ఆ కుర్రాడు చాలా మర్యాదగా "మా దగ్గర కొన్నవాటికే ఆల్టరేషన్ అండీ" అన్నాడు. ఇంకోచోట పొడవు తగ్గిస్తారట, జిప్పు మాత్రం మార్చరట. పొడవు తగ్గిస్తే జిప్పు పడుతుందా? చివరికి ఆ పెళ్లికి పంచె కట్టుకుని వెళ్లాను. "అబ్బో, పద్ధతి!" అన్నారందరూ. నిజం ఇప్పుడు తెలిసింది వాళ్లకి.

ఆ పెళ్లి నుంచి వచ్చాక మా వీధి రెండుసార్లు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచాను. ఫోన్ పట్టుకుని. ఊళ్లో ఎవర్ని కదిపినా ఒకటే మాట: "అద్దెలు పెరిగిపోయాయండీ, చిన్న కొట్లు ఎక్కడ నిలబడతాయి?" నేనూ అదే అనేవాణ్ని. పెరగడం నిజమే. రొయ్యల డబ్బు ఊళ్లోకి వస్తే పెరక్కుండా ఎలా ఉంటాయి? తొంభైల్లో టైగర్ రొయ్య తెల్లమచ్చ తెగులుకి పోయి చాలామందిని ముంచేసింది. 2009లో వనామి అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి ఇచ్చాక సాగు మళ్లీ లేచింది. వరి చేలు చెరువులయ్యాయి. మా ఊళ్లో షాపుల్లో గిరాకీ ఎలా ఉందో తెలుసుకోవాలంటే షాపువాణ్ని అడగక్కర్లేదు, కౌంట్ రేటు అడిగితే చాలు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అని. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు మీద ఎంత టెన్షనో, జేపీ రోడ్డులో అద్దెలు కట్టేవాళ్లకీ అంతే. మధ్యలో 2022 ఏప్రిల్‌లో మా ఊరు జిల్లా కేంద్రం అయ్యింది. ఆఫీసులు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, వాళ్లకి ఇళ్లు కావాలి. అదంతా ఒప్పుకుంటాను.

కానీ బాబాయ్ వెళ్లిపోయింది అద్దె పెరిగి కాదండి. అలాంటి జాగా అసలు లేకుండా పోయి.

ఆ అరుగు ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, గోడకి ఒక మేకు, ఆ మేకుకి కుట్టేసిన బట్టల సంచి. పైన చూరు. వానొస్తే మిషను రెండడుగులు లోపలికి జరిపేవాడు. నెలకి పదిహేను వందలు, కరెంటుతో కలిపి. అడ్వాన్సు లేదు, కాగితం లేదు, నోటిమాటే. ఆ ఇంటి మామ్మగారి జాకెట్లు మాత్రం ఉత్తినే కుట్టాలి. అదీ అద్దెలో భాగమే అనుకోండి.

ఇప్పుడక్కడ ఐదంతస్తులు లేస్తోంది. ముందు వైపు రెండు షట్టర్లు. ఒక్కోటీ పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అయిదు లోతు. మందుల షాపు పెట్టొచ్చు, కేకుల షాపు పెట్టొచ్చు, మందీ బిర్యానీ పెట్టొచ్చు. పదిహేను వందలు చేతిలో పెట్టుకుని వచ్చినవాడికి ఆ ప్లానులో చూపించడానికి గది లేదు. బేరం ఆడదామన్నా దేని గురించి ఆడతాడు?

ఇదిగో, ఇక్కడ కెమెరా కొంచెం కిందికి దించుతున్నాను, చూడండి. ఇది ఆ పక్క ఇల్లు, ఇంకా నిలబడే ఉంది. అరుగుకి మెట్లు లెక్కపెట్టండి. ఒకటిన్నర. చిన్నప్పుడు మేం ఎక్కి దూకేటప్పుడు నాలుగు ఉండేవి. ఎవరూ తియ్యలేదు, రోడ్డు లేచింది. తారు మీద తారు, దాని మీద సిమెంటు. మిగతా రెండున్నర మెట్లూ ఈ సిమెంటు కిందే ఉన్నాయి, తవ్వితే దొరుకుతాయి.

అసలే మనది పల్లం. వానాకాలం కాస్త తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయి. వీధి నీళ్లు కాలవలో పడాలి, ఆ కాలవలు పోయి యనమదుర్రు డ్రెయిన్లో కలవాలి. డ్రెయినే నిండుగా ఉంటే ఎక్కడివి అక్కడే. కొత్తగా కట్టేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ముందు లారీల కొద్దీ గ్రావెల్ పోయించి రోడ్డు కంటే మూడడుగులు పైకి లేపుకుంటారు. మరి ఆ నీళ్లు? పక్కనున్న పెంకుటింట్లోకి. మామ్మగారు రెండేళ్లు వరసగా నడింట్లో నీళ్లు తోడుకున్నారు. మంచం కోళ్ల కింద ఇటుకలు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు "డెవలప్‌మెంటుకి ఇచ్చేద్దామమ్మా, మనకి సగం ఫ్లాట్లు వస్తాయి" అంటే ఆవిడ మాత్రం ఎన్నాళ్లని కాదంటారు? నాకు ఆవిడ మీద గానీ ఆ కొడుకు మీద గానీ కోపం లేదు. నా ఇంట్లో నీళ్లొస్తే నేనూ అదే చేస్తాను.

ఇంకోటి గమనించండి. ఈ నేలలో సెల్లారు తవ్వితే నీళ్లతో తంటా. అందుకని కార్లు నేల మీదే పెట్టాలి, ఇళ్లు స్తంభాల మీదికి ఎక్కాలి. అంటే వీధిని ఆనుకుని అరుగు ఉండాల్సిన ఎత్తులో ఇప్పుడు కార్లు ఉంటాయి, గేటు ఉంటుంది, గేటుకి వాచ్‌మన్ ఉంటాడు.

అందరూ పోలేదు లెండి. ఇస్త్రీ ఆయన బాగానే ఉన్నాడు. అపార్ట్‌మెంటు వాళ్లే పిలిచి మెట్ల కింద మూల ఇచ్చారు, రోజూ చొక్కాలు కావాలి కదా. కిరాణా కొట్టాయన వాట్సాప్‌లో లిస్టు తీసుకుని కుర్రాడితో పంపిస్తున్నాడు. పిండి మర పోయింది. దాని చప్పుడు అసోసియేషన్ వాళ్లు పడనివ్వరు. సైకిల్ షాపు ఎప్పుడో పోయింది, దానికి ఎవరూ ఏడవలేదు.

కింద కామెంట్లలో "ఆ రోజులే వేరు" అని రాసేవాళ్లు ఉంటారు, తెలుసు. కాస్త ఆగండి. ఆ అరుగు మీద అందరూ కూర్చునేవాళ్లా? ఎవరు ఎక్కొచ్చు, ఎవరు రోడ్డు మీద నిలబడే కొలతలు ఇవ్వాలి అన్నది ఇంటివాళ్లు నోరు విప్పక్కర్లేకుండానే అందరికీ తెలిసేది. ఆడపిల్ల అయిదు నిమిషాలు అక్కడ నిలబడితే "ఎవరమ్మాయివి?" అని ముగ్గురు అడిగేవారు. ఇప్పుడు అదే వీధి చివర కెఫేలో ఇంజనీరింగ్ పిల్లలు ఒక్క కాఫీ పెట్టుకుని రెండు గంటలు కూర్చుంటున్నారు, ఎవరూ అడగట్లేదు. ఆ కాఫీ నూట నలభై. నాకు కడుపు మండుతుంది. వాళ్లకి మండట్లేదు, ఆ నూట నలభై కూర్చునే జాగాకి అని వాళ్లకి తెలుసు.

బాబాయ్ దొరికాడండి. ఫోన్ నంబరు కిరాణా ఆయన దగ్గర ఉంది. ఉండి ఊరికి పోయే రోడ్డులో మూడు కిలోమీటర్లు వెళ్లి లోపలికి తిరిగితే, సొంత ఇల్లు. రెండు గదులు, ముందు వరండా. మిషను వరండాలో. లోపల కోడలు మగ్గం వర్కు చేస్తోంది, పెళ్లి జాకెట్టు, చేతుల నిండా నెమళ్లు. "దాని ఒక్క జాకెట్టు డబ్బులు నాకు నెల సంపాదన" అన్నాడు, బాధగా కాదు, గొప్పగానే. మరి పాత గిరాకీ ఏమైంది బాబాయ్ అంటే, "జిప్పు కోసం ఇంత దూరం ఎవరొస్తారురా, నువ్వు తప్ప" అన్నాడు.

జిప్పుకి నలభై తీసుకున్నాడు. నాకు రానూపోనూ ఆటోకి నూట ఇరవై అయ్యింది.

చెప్పులు వేసుకుంటూ అలవాటు కొద్దీ మెట్లు లెక్కపెట్టాను. ఐదు. ముందు రోడ్డేమో ఇంకా మట్టిరోడ్డు. ఇంత చిన్న వరండాకి ఐదు మెట్లేంటి బాబాయ్ అన్నాను.

దారం కొరుకుతూ, "రేపు ఇక్కడా రోడ్డేస్తారు కదరా" అన్నాడు.