ఓడ వైజాగ్‌లో కాపురం పెడుతుందా?

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, లైబ్రరీ హాల్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు వదులుకుని ఈ ఫ్యాన్ల కిందకి వచ్చారంటే మీకు ఓడలంటే ఇష్టమైనా ఉండాలి, మిమ్మల్ని పిలిచిన సెక్రటరీగారి దగ్గర మొహమాటమైనా ఉండాలి. ఏదైనా నాకు లాభమే.

నేను పోర్టు మనిషిని కాను. ద్వారకానగర్లో ముప్పై ఏళ్లు చిన్న ట్రావెల్స్ ఆఫీసు నడిపాను. కాబట్టి ఓడ గురించి కెప్టెన్ చెప్పినట్టు చెప్పలేను, టికెట్లు అమ్మినవాడు చెప్పినట్టు చెబుతాను. ఈ మధ్య పెళ్లిలో కనిపించినా, రైతుబజార్లో కనిపించినా నన్ను అడిగేది ఒకటే: "ఏవండీ, ఆ క్రూయిజ్ షిప్పు ఇక మన ఊరినుంచే మొదలవుతుందటగా?" దానికి జవాబు చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఓడకీ రేవుకీ మధ్య చుట్టరికం రెండు రకాలు. ఓడ పొద్దున్నే వస్తుంది, జనం దిగి కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం చూసి సాయంత్రానికి ఎక్కేస్తారు, ఓడ వెళ్లిపోతుంది. అది చుట్టపుచూపు. రెండోది కాపురం. జనం అక్కడే ఎక్కి, తిరిగొచ్చి అక్కడే దిగుతారు. ఓడలోకి బియ్యం, కూరగాయలు, పాలు, మంచినీళ్లు, ఆయిల్ అన్నీ అక్కడే ఎక్కుతాయి. చెత్త అక్కడే దిగుతుంది. సిబ్బంది డ్యూటీలు అక్కడే మారతాయి. దీన్నే హోమ్ పోర్ట్ అంటారు. చుట్టంగా వచ్చిన ఓడవల్ల ఆటోవాళ్లకీ, గైడ్లకీ ఒక పూట బేరం దొరుకుతుంది. కాపురమున్న ఓడైతే కూరగాయల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర్నుంచి లాండ్రీ దాకా ప్రతివారం పని ఉంటుంది. రేవులన్నీ పోటీ పడేది ఈ రెండోదాని కోసం.

ఇక 2022 జూన్ 8. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కార్డీలియా క్రూయిజెస్ అనే కంపెనీవాళ్ల ఎంప్రెస్ ఓడ చెన్నైనుంచి మన రేవుకొచ్చిన రోజు. నేను ముందురోజు రాత్రే మా మనవడితో పందెం వేసి, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నిలబడ్డాను. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తిరుగుతుంటే చూశాను, తెల్లగా, అంతస్తులు అంతస్తులుగా, అపార్ట్‌మెంట్ ఒకటి నీళ్లమీద నడిచొస్తున్నట్టుంది. నా పక్కన చేపలబుట్ట దించుకుని నిలబడ్డ ఒకావిడ కాసేపు చూసి, "ఇందులో చేపలు పట్టరు గదా?" అంది. లేదమ్మా, మనుషుల్ని తిప్పుతారంతే అన్నాను. "తిప్పి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ "తిప్పి?" అన్న ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను, ఈ వ్యవహారమంతా అక్కడే ఉంది.

ఆ ఓడ కొత్తదేం కాదు. 1990లో ఫ్రాన్సులో కట్టారు. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. రాయల్ కరీబియన్ దగ్గర, స్పెయిన్ కంపెనీ దగ్గర, మళ్లీ రాయల్ కరీబియన్ దగ్గర పనిచేసి, 2020 చివర్లో కార్డీలియావాళ్ల చేతికొచ్చింది. పొడవు 210 మీటర్లు. 2021 సెప్టెంబరులో ముంబైనుంచి మొదలుపెట్టారు. వీళ్లు గురిపెట్టింది కుటుంబాలమీద. తాతా మామ్మలు, పిల్లలు, శాకాహారం, జైనుల భోజనం, రాత్రి డాన్సు షో.

మన ఊరివాళ్లు కూడా ఎక్కారు. అనకాపల్లినుంచి పదకొండుమంది కుటుంబం నా దగ్గర టికెట్లు తీసుకుంది. పెద్దాయన బెల్లం వ్యాపారి. ఆయన వేసిన ప్రశ్నలన్నీ రాసుకుని ఉంటే ఇవాళ్టికి అవే సరిపోయేవి. "పొద్దున్నే ఇడ్లీ ఉంటుందా? ఓడ ఊగితే వాంతులకి ఎవరిది బాధ్యత? మా అమ్మకి కింద బెర్తు దొరుకుతుందా?" కింద బెర్తు కాదండీ, గదిలో మంచం ఉంటుందన్నాను. నమ్మలేదు. తిరిగొచ్చాక మాత్రం ఆయన చెప్పిన మాట మర్చిపోలేను: "అంతా బాగుందయ్యా. కానీ మహారాజుల్లా ఎక్కించి, చెన్నైలో దించేశారు. అక్కణ్ణుంచి కోరమాండల్‌లో, మూడో బోగీలో ఇద్దరం, ఎనిమిదో బోగీలో నలుగురం, మిగతావాళ్లం ఎక్కడో, సూట్‌కేసులు ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాం."

చూశారా, అదీ సంగతి. అప్పటిదాకా జరిగింది చెన్నై ఓడ మన ఊరిమీదుగా వెళ్లడం. 2025 జులైలో మళ్లీ వచ్చినప్పుడూ దారి అదే: చెన్నై, విశాఖ, పుదుచ్చేరి, తిరిగి చెన్నై. మనవాళ్లు మధ్యలో ఎక్కే ప్రయాణికులు. పుదుచ్చేరి కథ ఇంకో రకం. 2022లో, ఓడలో కేసినో ఉందన్న అభ్యంతరంతో అక్కడ ఆగనివ్వలేదు. 2025లో ఒప్పుకున్నారు. అయినా ఓడ రేవు గట్టుకి ఆనుకోలేదు, సముద్రంలోనే లంగరేసి, జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకి చేర్చారు.

మరి మన దగ్గర లోటేమిటి? టెర్మినల్ కట్టాం గదా అంటారు. కట్టాం. 96 కోట్లు పెట్టి కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ని 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. 2024 ఏప్రిల్లో 'ద వరల్డ్' అనే ఓడ వచ్చింది. ఆ ఓడలో జనం గదులు అద్దెకి తీసుకోరు, ఇళ్లు కొనుక్కుని ఉంటారు. అంటే సముద్రంమీద సొంతింటివాళ్లు మనింటికి చుట్టాలై వచ్చారన్నమాట. బాగానే ఉంది. కానీ పెళ్లికూతురి గది సున్నం వేసి ఉంచినంత మాత్రాన సంబంధం కుదరదు కదా.

అసలు చిక్కు కాలెండర్‌లో ఉంది. ఎంప్రెస్ తూర్పుతీరానికి ఎందుకొస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? జూన్‌లో నైరుతి రుతుపవనాలొస్తే అరేబియా సముద్రం ఎగిరెగిరి పడుతుంది. ముంబై, గోవా, లక్షద్వీప్ ట్రిప్పులకి అది పనికొచ్చే కాలం కాదు. ఓడని ఖాళీగా కట్టేసి ఉంచితే సిబ్బంది జీతాలు, తిండి, పోర్టు ఛార్జీలు ఆగవు. అందుకని ఆ నెలల్లో చెన్నైకి తెస్తారు. వానలు తగ్గాక మళ్లీ ముంబై. అంటే మనకి ఓడ దొరికేది అక్కడ పని లేనప్పుడే. మన ఊరికి టూరిస్టులు విరగబడి వచ్చే కాలం ఏది? నవంబరునుంచి సంక్రాంతి దాటేదాకా. అరకులో వలిసెపూలు, బొర్రా గుహల దగ్గర క్యూలు, హోటల్ రూముల రేట్లు రెట్టింపు. సరిగ్గా ఆ రోజుల్లో ఓడ అరేబియాలో ఉంటుంది.

పైగా అక్టోబరు, నవంబరు నెలలు మనకి తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ హాల్లో ఉన్న ఎవరికీ నేను చెప్పక్కర్లేదు. మా ఆఫీసు బోర్డు ఇప్పటికీ దొరకలేదు.

కాబట్టి ఒక్క ఓడ ఉన్న కంపెనీ మన దగ్గర ఏడాదంతా కాపురం పెట్టదు. పెట్టమని అడగడం కూడా అన్యాయమే. కానీ ఇప్పుడు లెక్క మారుతోంది. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ దగ్గర్నుంచి స్కై, సన్ అనే రెండు ఓడల్ని 2026, 2027లనుంచి దీర్ఘకాలం అద్దెకి తీసుకునే ఒప్పందం కార్డీలియా చేసుకుంది. స్కై ఒక్కదాంట్లోనే రెండువేలమంది పడతారు. మూడు ఓడలున్నవాడు మూడింటినీ ముంబైలోనే పెట్టుకోడు. ఒకటి ఎక్కడో ఒకచోట వేరు కాపురం పెట్టాలి. అది చెన్నైయా, కొచ్చియా, మనమా అన్నదే ఇప్పుడున్న ప్రశ్న.

ఇలాంటి నిర్ణయాలు ఎలా చేస్తారో చూడటానికి డిస్నీవాళ్ల ఉదాహరణ చెబుతాను. కుటుంబాల ఓడలంటే ప్రపంచంలో వాళ్లే ముందు గుర్తొస్తారు. 1998లో మొదటి ఓడ డిస్నీ మేజిక్‌ని ఫ్లోరిడాలో పోర్ట్ కెనవరల్‌లో పెట్టారు. ఎందుకక్కడ? వాళ్ల పార్కు ఉన్న ఓర్లాండోనుంచి కారులో గంట దూరం. పిల్లల్ని మిక్కీమౌస్ దగ్గరికి తెచ్చిన తల్లిదండ్రులు ఎలాగూ అక్కడున్నారు, ఇంకో మూడు రోజులు ఓడెక్కించడమే పని. 2012లో టెక్సస్‌లోని గాల్వెస్టన్‌కి వెళ్లారు. అక్కడ పార్కు లేదు. కానీ హ్యూస్టన్, డాలస్ లాంటి ఊళ్లనుంచి కుటుంబాలు విమానం టికెట్లు కొనకుండా కార్లో దిగొచ్చు. అదీ ఏడాదంతా కాదు, సీజన్లో వెళ్లి వచ్చేవారు. మన తెలుగువాళ్లు హ్యూస్టన్, డాలస్‌లలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఈ హాల్లో సగంమంది మనవలు అక్కడే కదా. ఇక 2023 నవంబరునుంచి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో కూడా ఏడాది పొడవునా ఓడ పెట్టారు. ఆ తర్వాత సింగపూర్. అక్కడి డిస్నీ అడ్వెంచర్ జర్మనీలో వేరే కంపెనీ కట్టించుకుంటూ దివాలా తీసి సగంలో వదిలేసిన ఓడ. డిస్నీ కొని పూర్తి చేయించింది. మొదటి ప్రయాణం 2025 డిసెంబరులో అని చెప్పి, 2026 మార్చికి జరిపారు.

వీటన్నిట్లో నాకు కనిపించేది ఒకటే. కుటుంబం అంటే సామాను, ముసలివాళ్లు, పిల్లలు, పాలసీసాలు. అలాంటివాళ్లు ఓడదాకా చేరడమే ఒక ప్రయాణమైతే టికెట్ కొనరు. అందుకని ఓడనే, జనం కార్లోనో రైల్లోనో సులువుగా చేరే చోటికో, వేరే పనిమీద ఎలాగూ వచ్చే చోటికో తెచ్చి పెడతారు.

ఆ లెక్కన మనకి ఉన్నదేమిటి? హైదరాబాద్‌నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నకి వైజాగ్. భువనేశ్వర్, రాయపూర్‌లనుంచి కూడా అంతే. అన్నిటికన్నా పెద్ద బలం మనం పట్టించుకోనిది: బెంగాలీలు. కలకత్తానుంచి కుటుంబాలు కుటుంబాలుగా తరతరాలుగా మన ఊరికొస్తున్నారు. నా ఆఫీసులో అరకు బస్సు సీట్లలో సగం వాళ్లవే. వాళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ వాల్తేరు అనే అంటారు. వాళ్ల సొంత రేవు నదిలో ఉంది, పెద్ద క్రూయిజ్ ఓడకి అనువైనది కాదు. వాళ్లని చెన్నై పంపడంకన్నా మన దగ్గర ఎక్కించుకోవడం సులువు. ఈ మాట కంపెనీవాళ్లకి ఎవరైనా చెప్పారో లేదో!

ఇంకోపక్క పోటీ కూడా మన ఊళ్లోనే ఉంది. వైజాగ్‌నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది. చేతిలో పాస్‌పోర్టు ఉన్న కుటుంబం ఎంచక్కా అక్కడికెళ్లి కొత్త ఓడెక్కుతుంది. మనం హోమ్ పోర్ట్ కాకముందే వేరేవాళ్ల హోమ్ పోర్ట్‌కి జనాన్ని సరఫరా చేస్తున్నాం.

ఇప్పుడు చేపలావిడ అడిగిన "తిప్పి?" దగ్గరికొద్దాం. మన దగ్గర ఎక్కించుకుని ఎక్కడికి తీసుకెళ్లాలి? ముంబైకి గోవా ఉంది, లక్షద్వీప్ ఉంది. సింగపూర్‌కి పెనాంగ్, ఫుకెట్ ఉన్నాయి. మనకి చెన్నై ఒక రాత్రీ ఒక పగలూ. చెన్నై చూడటానికి ఓడెక్కే ఆంధ్రుడు ఇంకా పుట్టలేదు. పుదుచ్చేరి అందమైన ఊరే, కానీ పడవల్లో దిగాలి. శ్రీలంకలో ట్రింకోమలీ బాగుంటుంది, దానికి పాస్‌పోర్టు కావాలి. అండమాన్ దూరం.

దూరమే కానీ, అండమాన్ ఓడ మనకి కొత్త కాదు సుమా. వైజాగ్‌నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (2024నుంచి దాని పేరు శ్రీ విజయపురం) ప్రభుత్వ ప్రయాణికుల ఓడ ఎప్పటినుంచో తిరుగుతోంది. ఒకసారి మా అత్తగారి తరఫువాళ్లని ఎక్కించడానికి వెళ్లాను. ఓడలోకి ఎక్కే గ్యాంగ్‌వే మెట్ల దగ్గర సోంపేట, పలాస వాళ్లు, అక్కడ స్థిరపడ్డ సిక్కోలు కుటుంబాలు. ఒకాయన చేతిలో ఆవకాయ జాడీ, మూతికి గుడ్డ కట్టి, పైన ప్లాస్టిక్ కవరు, దానిపైన తాడు. సెక్యూరిటీ అతను ఇదేంటని అడిగితే, "మాగాయి కలిపిన ఆవకాయ, వాసన చూస్తారా?" అన్నాడు. వెనకున్న లైనంతా నవ్వింది. రెండున్నర రోజుల ప్రయాణం, బంక్ క్లాసులో. అంతకుముందు మన తాతలు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లొచ్చింది కూడా ఓడలమీదే. ఓడెక్కడం మనవాళ్లకి భయం అని కంపెనీవాళ్లు అనుకుంటే, వాళ్లకి ఉత్తరాంధ్ర తెలీదన్నమాట.

సరే, నా అంచనా సూటిగా చెప్పేస్తాను. ఏడాదంతా ఉండే హోమ్ పోర్ట్ ఈ నాలుగైదేళ్లలో మనకి రాదు. అది వస్తుందని ఊరేగింపులు చేసేవాళ్ల మాట నమ్మి హోటల్ కట్టకండి. రాగలిగింది వేరే ఉంది. జనవరి, ఫిబ్రవరి. తుఫాన్లు వెళ్లిపోయి ఉంటాయి, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, టూరిస్టులు ఊళ్లోనే ఉంటారు. ఆ ఎనిమిది వారాలు మూడు ఓడల్లో ఒకటి మన దగ్గర పెట్టమని అడగాలి. శుక్రవారం రాత్రి వైజాగ్‌లో ఎక్కించి, మంగళవారం పొద్దున్న వైజాగ్‌లోనే దించాలి. చెన్నైలో కాదు, వైజాగ్‌లోనే. ఆ ఒక్క షరతుమీద మాత్రం పట్టుబట్టాలి.

దానికి మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. టెర్మినల్ ఒకేసారి రెండువేలమందికి సరిపోయేట్టు కట్టారు. కానీ కాపురమున్న ఓడ వచ్చిన రోజున దిగేవాళ్లు రెండువేలు, ఎక్కేవాళ్లు రెండువేలు, అదీ ఒకే పగలు. నాలుగువేలమంది సూట్‌కేసులు, వాళ్లకోసం వచ్చిన కార్లు కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలతో కలిసి నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. భోగాపురం విమానాశ్రయంనుంచి రేవు దాదాపు 50 కిలోమీటర్లు. దిగినవాళ్లని తెచ్చే బస్సులు కావాలి. రైల్వేస్టేషన్నుంచి రేవు పక్కనే, అయినా ఇవాళ ఆ దారిలో ఎంతడుగుతాడో ఆటోవాడికే తెలియదు.

మొన్న అనకాపల్లి పెద్దాయన ఫోన్ చేశారు. ఈసారి పదమూడుమందట, ఇద్దరు మనవలు పుట్టారు. "తిరిగి వైజాగ్‌లోనే దించేదైతే చెప్పు, లేకపోతే నన్ను లేపకు" అన్నారు. పేరు రాసుకుని ఉంచాను. టీ వచ్చినట్టుంది, తాగుతూ ప్రశ్నలడగండి.