పడవ అడుగుకు రంగు: కరిగిపోవడానికే వేసే పూత

అందరికీ నమస్కారం.

పడవ పైభాగానికి వేసే రంగు నిలిచి ఉండాలి. అడుగుకు వేసే రంగు కరిగిపోవాలి. ఈ తేడా మనసుకు పట్టిందంటే ఏ రకం డబ్బా కొనాలి, ఎన్ని లీటర్లు కావాలి, ఎంత మందంగా వేయాలి అనే ప్రశ్నలు చాలావరకు తేలిపోతాయి. ఈ పని సొంతంగా చేసుకోవాలనుకునే వాళ్లకోసమే ఈ ప్రసంగం. ఎక్కువగా ఫైబర్‌గ్లాస్ పడవల గురించే చెబుతాను. మిగతా రకాల సంగతి అవసరమైన చోట వస్తుంది.

నీళ్లలో దింపిన ఏ వస్తువుకైనా కొన్ని గంటల్లోనే సూక్ష్మజీవుల పొర పడుతుంది. అది ముదిరితే పాకుడు. పాకుడు మీద నాచు మొలుస్తుంది. ఉప్పునీళ్లలోనైతే బార్నకిల్ అనే గుల్లజీవి పిల్లలు వచ్చి, కాస్త చోటు వెతుక్కుని, తల కిందకి పెట్టి జిగురుతో అతుక్కుంటాయి, చుట్టూ సున్నపు గుల్ల కట్టుకుంటాయి. ఒకసారి గుల్ల కట్టాక గోకి తీయాల్సిందే. అందుకే వాటిని అతుక్కోక ముందే ఆపాలి. ఆ పని చేసేది నీళ్లలోకి కొద్దికొద్దిగా కరిగే రాగి. ఇప్పుడు దొరికే అడుగు రంగుల్లో చాలావాటిలో అది క్యూప్రస్ ఆక్సైడ్ పొడి రూపంలో ఉంటుంది.

రాగి కరగడం ఎంత ముఖ్యమో చరిత్రే చూపించింది. 1761లో బ్రిటిష్ నౌకాదళం ‘అలార్మ్’ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు కొట్టించి చూసింది. అడుగు శుభ్రంగా ఉంది కానీ, ఉప్పునీళ్లలో రాగికి తగిలి ఉన్న ఇనుప మేకులు తినుకుపోయాయి. తర్వాత 1824లో రసాయనశాస్త్రవేత్త హంఫ్రీ డేవీ రాగి రేకులకే జింకు, ఇనుము ముక్కలు తగిలించి, రేకులు అరగకుండా ఆపాడు. రసాయనశాస్త్రం ప్రకారం అది విజయమే. కానీ ఆ ఓడల అడుగుకు నాచు, గుల్లలు దట్టంగా పట్టేశాయి. రాగి కరగడం ఆగింది, దాంతోపాటే దాని రక్షణా ఆగింది. మన పడవకు పనికొచ్చే రెండు నియమాలు ఈ రెండు సంఘటనల్లోనే ఉన్నాయి. రాగి కరిగిపోతూనే ఉండాలి కాబట్టి, పూత ఎంత మందం ఉంటే అంత కాలం పనిచేస్తుంది. రాగి పూతను తప్పు లోహం పక్కకు రానివ్వకూడదు.

రెండో నియమం ముందు చెప్పేస్తాను. అల్యూమినియం పడవకు క్యూప్రస్ ఆక్సైడ్ ఉన్న రంగు వేయకండి. అల్యూమినియం గుంటలు గుంటలుగా తినుకుపోతుంది. రాగి లేనిదో, అల్యూమినియంకు సరిపడుతుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదో తీసుకోవాలి. ఫైబర్‌గ్లాస్ పడవకైనా వెనక వేలాడే ఇంజిన్ కాలు అల్యూమినియమే అయితే దానికీ ఇదే నియమం. ఉక్కు పడవకు రాగి రంగు వేయవచ్చు, కానీ ముందు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రకం) పూత ఎక్కడా చిల్లు లేకుండా కప్పి ఉండాలి. జింకు దిమ్మల మీద ఏ రంగూ పడకూడదు. అవి అరిగితేనే మిగతా లోహం బతుకుతుంది, రంగు పడితే అరగవు.

రంగులు స్థూలంగా రెండు రకాలు. మెత్తరకం నీటి రాపిడికి పొరపొరగా అరిగిపోతూ ఎప్పటికప్పుడు కొత్త ముఖం చూపిస్తుంది. గట్టిరకంలో రాగి కరిగి బయటికి వెళ్లిపోతుంది, ఖాళీ అయిన రంగు మాత్రం అక్కడే మిగిలిపోతుంది. వేగంగా వెళ్లే పడవలకు, తరచూ రుద్ది కడిగే పడవలకు గట్టిరకం నయం. కానీ ఏటా పూత మీద పూత పేరుకుని, కొన్నేళ్లకు పెచ్చులుగా ఊడుతుంది. మామూలు వేగంతో తిరిగే పడవకు నా ఓటు మెత్తరకానికే. పాత గట్టి పూత మీద మెత్తది వేయవచ్చు. మెత్తదాని మీద గట్టిది వేయకూడదు. కింది పొర అరిగిపోయేది కాబట్టి పైనున్న గట్టి పొరకు పట్టు ఉండదు.

ఇక పని. పడవ ఒడ్డుకు వచ్చిన గంటలోపే ప్రెషర్ వాషర్‌తో కడగాలి. తడిగా ఉన్న పాకుడు నీటి దెబ్బకే పోతుంది. ఎండితే సిమెంటులా బిగుస్తుంది, రోజంతా గోకాల్సి వస్తుంది. బార్నకిల్ గుల్లలకు వెడల్పాటి స్క్రేపర్ వాడండి. దాని మూలలు ముందే ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి, లేకపోతే ప్రతి మూలా ఫైబర్‌గ్లాస్ పైనుండే నున్నటి పొర అయిన జెల్‌కోటులో ఒక గాటు పెడుతుంది. గుల్ల ఊడినా కింద తెల్లటి బిళ్లలాంటి సున్నపు పట్టు మిగులుతుంది. రంగు పైనుంచి కప్పేస్తుందిలే అని దాన్ని వదిలేస్తే, ఆ బిళ్ల ఊడినప్పుడు దాని మీది రంగు కూడా చిల్లులా ఊడి వస్తుంది.

కడిగిన వెంటనే అడుగునంతా వంగి, పక్కనుంచి వెలుతురు పడేలా చూడండి. బుడగలు ఉంటే అప్పుడే కనిపిస్తాయి, పడవ ఆరేకొద్దీ అణిగిపోతాయి. కనిపించిన ప్రతిదాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టండి. ఒకదాన్ని గుచ్చి చూడండి. కళ్లద్దాలు తప్పనిసరి, లోపల ఒత్తిడితో ద్రవం ఉంటుంది, చిమ్ముతుంది. అది వెనిగర్ వాసన వేస్తే నీళ్లు జెల్‌కోటు దాటి ఫైబర్‌గ్లాస్‌ను పట్టి ఉంచే రెసిన్‌లోకి దిగాయన్నమాట. పది పన్నెండు చిన్న బుడగలైతే తెరిచి, కడిగి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీ లప్పంతో పూడ్చుకోవచ్చు. అడుగంతా ఉంటే అది వేరే పెద్ద పని, నెలల తరబడి ఆరాలి. ఆ స్థితిలో రంగు వేస్తే తడిని లోపల పెట్టి మూత వేసినట్టే.

పాత పూత మీదే కొత్తది వేయవచ్చా? రెండు పరీక్షలు చేయండి. పదునైన కత్తితో చదరంగం గళ్లలా చిన్న చిన్న గాట్లు పెట్టి, గట్టి టేపు అంటించి, ఒక్క ఊపున లాగండి. గళ్లు టేపుతో ఊడి వస్తే పాత పూత పట్టు పోయింది, అంతా తీసేయాలి. ఊడకపోతే కొత్త రంగు థిన్నర్‌లో తడిపిన గుడ్డను పాత పూత మీద పెట్టి కొన్ని నిమిషాలు ఉంచండి. ముడతలు పడినా, జిగటగా కరిగినా కొత్త రంగు పాతదాన్ని లేపేస్తుంది. అప్పుడు మధ్యలో ఆ పనికే అమ్మే సీలర్ ప్రైమర్ వేయాలి. ఏ రంగు ఉందో తెలియని సెకండ్‌హ్యాండ్ పడవకు ఈ రెండు పరీక్షలూ మానకండి.

రుద్దుడు గురించి గట్టిగా చెప్పాలి. అడుగు రంగు దుమ్ము విషం. రాగి ఒక్కటే కాదు, బాగా పాత పడవల కింది పొరల్లో సీసం ఉండవచ్చు, టీబీటీ అనే తగరపు రసాయనం ఉండవచ్చు. టీబీటీ ఆయిస్టర్ల గుల్లలను వికృతం చేస్తోందని తేలాక 25 మీటర్ల లోపు పడవలకు ఫ్రాన్స్ 1982లో, బ్రిటన్ 1987లో దాన్ని ఆపేశాయి. దాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. కాబట్టి పొడిగా రుద్దకండి. నీళ్లు చల్లుతూ 80 నంబరు వాటర్‌ప్రూఫ్ ఎమెరీ పేపర్‌తో రుద్దండి. మిషన్ వాడాలంటే దుమ్మును అక్కడికక్కడే లాగేసే వాక్యూమ్ తగిలించి ఉండాలి. ముఖానికి కట్టుకున్న గుడ్డ ఈ దుమ్మును ఆపదు. సన్నటి దుమ్మును ఆపే పీ3 రకం ఫిల్టర్లున్న మాస్క్, కళ్లద్దాలు, ఒళ్లంతా కప్పే తొడుగు కావాలి. పడవ కింద మందపాటి టార్పాలిన్ పరిచి, రాలిన పెచ్చులు, బురద అంతా పోగుచేసి హానికర వ్యర్థాల కింద ఇచ్చేయండి. నేల మీద వదిలితే వానకు అది తిరిగి నీళ్లలోకే చేరుతుంది. ఫైబర్‌గ్లాస్ మీద హీట్ గన్‌తో పాత రంగు కాల్చవద్దు. విషపు పొగ వస్తుంది, రెసిన్ దెబ్బతింటుంది.

80 నంబరే ఎందుకంటే, కొత్త రంగు పట్టుకోవడానికి గీతలు కావాలి. సన్న పేపర్‌తో నున్నగా చేస్తే చేతికి బాగుంటుంది, పట్టు మాత్రం ఉండదు. అవసరం మెరుపు పోయి మసకబారడమే. తర్వాత మంచినీళ్లతో కడిగి, ఒక రోజు ఆరనివ్వండి.

జెల్‌కోటు బయటపడిన చోట ఎపాక్సీ ప్రైమర్ కావాలి. ఇంతవరకు రంగే ఎరగని కొత్త పడవైతే ముందు అచ్చు నుంచి అంటుకొచ్చిన మైనం తీయాలి. మైనాన్ని రుద్దితే పోదు, గీతల్లోకి ఇంకా దిగుతుంది. ద్రావకంలో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరేలోపే పొడిగుడ్డతో ఎత్తేయాలి, గుడ్డలు మార్చుతూ ఉండాలి. కడిగి చూడండి, నీళ్లు పూసల్లా విడిపోకుండా పలచగా పరుచుకుంటే మైనం పోయినట్టు. ఆ తర్వాతే ఎమెరీ పేపర్.

ఎపాక్సీకి, దాని మీద వేసే మొదటి రంగుకు మధ్య సమయం చాలా కీలకం. ఎపాక్సీని బొటనవేలితో నొక్కండి. వేలిముద్ర పడాలి, కానీ వేలికి ఏమీ అంటకూడదు. సరిగ్గా అప్పుడే రంగు వేయాలి, రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వేలికి అంటితే ఇంకా తొందర. ముద్రే పడకపోతే ఆలస్యమైంది. ఇక పూర్తిగా గట్టిపడనిచ్చి, నీళ్లతో, పీచుతో కడిగి, మళ్లీ రుద్దాలి. కడగడం ఎందుకంటే ఎపాక్సీ పైకి జిడ్డులాంటి పొర తేలుతుంది. అది నీళ్లకు పోతుంది కానీ థిన్నర్‌తో తుడిస్తే అటూ ఇటూ పాముకుంటుంది. కొత్త పూత పెద్ద పెద్ద రేకుల్లా ఊడిపోవడానికి చాలాసార్లు ఈ ఒక్క పొరపాటే కారణం.

ఇప్పుడు లెక్క. పడవ తేలేటప్పుడు నీటి మట్టం తగిలే గీతే వాటర్‌లైన్. వాటర్‌లైన్ పొడవు, వెడల్పు, నీటిలో మునిగే లోతు మీటర్లలో తీసుకోండి. లోతైన కీల్ (అడుగు నుంచి కిందికి దిగే రెక్క) ఉన్న తెరచాప పడవకు వెడల్పు, లోతు కూడి, పొడవుతో గుణించి, అందులో ముప్పాతిక తీసుకోవాలి. తేలికపాటి పడవ, సన్నని కీల్ అయితే సగం. నిండైన అడుగున్న మోటారు పడవకు మొత్తం. పొడవు 8, వెడల్పు 3, లోతు 1.5 అనుకుందాం. 4.5ను 8తో గుణిస్తే 36, అందులో ముప్పాతిక 27 చదరపు మీటర్లు. లీటరు 9 చదరపు మీటర్లు వస్తుందని డబ్బా మీద ఉంటే ఒక పూతకు 3 లీటర్లు, రెండు పూతలకు 6. కొన్ని అంచులకు మూడో పూత కావాలి, దానికి మరో లీటరు.

ఈ 6 లీటర్లూ అయిపోవాలి. లీటరు 9 చదరపు మీటర్లకు పరిస్తే తడిగా ఉన్నప్పుడు మందం 0.11 మిల్లీమీటరు. ద్రావకం ఎగిరిపోయాక మిగిలేది అందులో సుమారు సగమే. మీరు రోలర్‌ను లాగి లాగి 4 లీటర్లతో రెండు పూతలు ముగించారంటే మీకు దక్కిన రక్షణ మూడింట రెండు వంతులే. సీజన్ మధ్యలోనే నాచు పట్టిందని రంగును తిట్టుకునే ముందు డబ్బాలో ఎంత మిగిలిందో చూడాలి. స్పాంజి రోలర్ పూతను పలచన చేస్తుంది. పొట్టి నూగున్న, ద్రావకానికి కరగని రోలర్ తీసుకోండి. లాగుడు బరువుగా ఉందని థిన్నర్ పోయకండి.

కలపడమూ చిన్న పని కాదు. రాగి బరువుకు డబ్బా అడుగున ముద్దలా దిగిపోతుంది. ముందురోజే డబ్బాను తలకిందులుగా పెట్టండి. తెరిచాక పైనున్న పలచటి రంగును వేరే పాత్రలోకి వంచి, అడుగు ముద్దను చదునైన కర్రతో చితికి, వంచినదాన్ని కొంచెం కొంచెంగా తిరిగి పోస్తూ కలపండి. కర్రకు అడుగున ఎక్కడా ముద్ద తగలకుండా తిరగాలి. పని మధ్యలో కూడా తరచూ కలుపుతుండాలి. లేకపోతే పడవ ఒక పక్కకు ద్రావకం, ఇంకో పక్కకు రాగి వేసినట్టవుతుంది.

పడవ చర్మం ఉష్ణోగ్రత గాలిలోని తేమ మంచు బిందువులుగా పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మంచు పడేలోపు పూత ఆరేలా చూసుకుని మధ్యాహ్నానికే ముగించండి. నేరుగా ఎండ పడే పక్క వద్దు. పై పొర తొందరగా బిగిసి, లోపలి ద్రావకం బుడగలుగా లేస్తుంది. నీడతో పాటు పడవ చుట్టూ తిరగండి.

మొదటి పూత ఒక రంగు, రెండోది ఇంకో రంగు వేయండి. వచ్చే ఏడు కింది రంగు తొంగిచూసిన చోట పూత అరిగిందని కంటికే తెలుస్తుంది. ముక్కు అంచు, కీల్ ముందు అంచు, చుక్కాని, వాటర్‌లైన్ వెంట ఒక పట్టీ, వీటికి మూడో పూత. అంచుల దగ్గర రాపిడి ఎక్కువ, వాటర్‌లైన్ దగ్గర వెలుతురుకు నాచు ఎక్కువ. నీళ్లు లోపలికి వచ్చే రంధ్రాల మూతుల్లో చిన్న కుంచెతో వేలు దూరినంత లోతు వేయండి. గుల్లలకు అంతకంటే మంచి ఇల్లు ఉండదు. లోతు కొలిచే సెన్సర్ ముఖానికి మాత్రం దానికోసమే చేసిన పలచటి రంగు, ఒకే పూత. చివరి పూత ఇంకా మెత్తగా ఉండగానే మాస్కింగ్ టేపును దాని మీదికే వెనక్కి మడుస్తూ లాగేయండి. గట్టిపడ్డాక లాగితే అంచు రంపంలా వస్తుంది.

మిగిలింది పడవను ఒడ్డున నిలబెట్టిన ఊతల కింద రంగు అందని మచ్చలు. ఊతలను మీరు మీరుగా జరపకండి, పడవ ఒరిగితే ప్రాణాలే పోతాయి. యార్డు మనుషులు ఒక్కొక్కటి వరుసగా మార్చుతారు. అలా మార్చినప్పుడు ఆ చోట్లను కూడా కడగడం, రుద్దడం, రెండు పూతలు, అన్నీ చేయాలి. కీల్ అడుగు మాత్రం పడవను బెల్టులతో ఎత్తినప్పుడే అందుతుంది. వేలాడుతున్న పడవ కిందకి దూరకుండా, దిమ్మలు పెట్టించుకుని, పక్కనుంచి పొడవు కర్ర రోలర్‌తో వేయండి. వీలైతే ఆ రాత్రి అలాగే ఉంచమని ముందే మాట్లాడుకోండి. డబ్బా మీద నీళ్లలో దింపడానికి తక్కువలో తక్కువ ఎన్ని గంటలు ఆగాలో, ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు ఆగవచ్చో రెండూ ఉంటాయి. రెండోదాన్ని చాలామంది చదవరు. కొన్ని రకాలు గాలిలో ఎక్కువ రోజులుంటే పై పొర బిగిసి మందగిస్తాయి. అందుకే దింపే తేదీ ఖాయం చేసుకున్నాకే ఆఖరి పూతకు డబ్బా తెరవండి.