రాగిరేకు మీద రాగం పేరు ఉంది, పాట ఎక్కడుంది?

[తెరపై: తాళ్లపాక వారి రాగిరేకు, అక్షరాలు కనిపించేంత దగ్గరగా]

తిరుపతిలో మా వీధి చివరి టీ అంగడి దగ్గర ఇద్దరు పెద్దమనుషుల వాదన కొన్నాళ్ల క్రితం నా చెవిన పడింది. "ఏసుప్రభువు పోయిన నలభై ఏళ్లకు గానీ సువార్త రాయలేదంట కదన్నా, అంతదాకా నోటిమాటేనంట, నోటిమాట ఎంత మారిపోతుందో మనకు తెలీదా?" అని ఒకాయన అడిగారు. రెండో ఆయన ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి. "మాకు నోటిమాటతో పనే లేదప్పా, రాసిన వాక్యమే మాకు ఆధారం" అని ఆయన అంతే గట్టిగా బదులిచ్చారు. ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నా ఇద్దరిదీ ఒకటే పొరపాటు. నోటి బోధ ముందు వచ్చిందనీ, రాత వచ్చిన రోజుతో దాని పని ముగిసిపోయిందనీ ఇద్దరూ అనుకున్నారు. ఈ పొరపాటు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు కనుక ఈ వీడియో చేయవలసి వచ్చింది.

తెర మీద కనిపిస్తున్న ఈ రేకును చూడండి. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు పాడారని సంప్రదాయం చెబుతుంది. వాటిలో 12 వేలకు పైగా ఇటువంటి రేకుల మీద మనకు దక్కాయి. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, కానీ స్వరాలు లేవు. చెక్కించినవారి అజాగ్రత్త వల్ల ఇలా జరిగిందని నేను అనుకోను. రోజూ పాడేవారు కళ్ల ముందే ఉన్నప్పుడు పాట వరుసను రాగి మీద చెక్కించాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? ఆ పాడే గొంతుల పరంపర మధ్యలో తెగిపోయింది కాబట్టే, 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ వంటివారు కొత్తగా స్వరాలు కట్టవలసి వచ్చింది. ఈ రేకును మనసులో ఉంచుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఏసు స్వయంగా రాసిన గ్రంథం ఏదీ లేదు. ఆయన సిలువ మరణం సుమారు 30వ సంవత్సరంలో జరిగితే, మార్కు సువార్త 70 ప్రాంతంలో రూపు దిద్దుకుందని ఎక్కువమంది పండితులు భావిస్తున్నారు. మధ్యలో ఉన్న ఆ 40 ఏళ్లను ఖాళీగా ఊహించుకోవడమే తప్పు, ఎందుకంటే తొలి క్రైస్తవ సంఘాలకు అపొస్తలుడు పౌలు రాసిన పత్రికలు, అంటే లేఖలు, 50ల నాటివి, ఆ పత్రికల్లోనే నోటి బోధ చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో క్రీస్తు మరణాన్ని, పునరుత్థానాన్ని గురించి చెప్పబోతూ, తనకు అప్పగించినదాన్నే మీకు అప్పగించానని పౌలు అంటారు. గురువు దగ్గర పాఠం పుచ్చుకుని శిష్యుడికి అందించేవారి మాట అది. రోమీయులకు రాసిన పత్రికను పౌలు చెబుతూ ఉంటే రాసిన చెయ్యి తెర్తియు అనే మనిషిది. చివరి అధ్యాయంలో ఆయనే తన పేరు చెప్పుకుని పలకరిస్తారు. అలా నోటితో చెప్పగా రాసిన ఆ పత్రికను సంఘంలో ఒకరు పైకి చదివితే మిగతావారు చెవులతో విన్నారు. అంటే ఆ పత్రిక రెండు నోళ్ల మధ్య ప్రయాణించిన రేకు.

రేకు మీదికి ఎక్కకుండా మిగిలిపోయిన పాటలూ ఉన్నాయి. పుచ్చుకోవడం కంటే ఇవ్వడమే ధన్యమన్న మాటను ఏసు మాటగా మనవాళ్లు తరచూ చెబుతారు. నాలుగు సువార్తలూ తిరగేయండి, అది ఎక్కడా దొరకదు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఎఫెసు పెద్దలతో మాట్లాడుతూ, ప్రభువు చెప్పిన మాటగా పౌలు దాన్ని గుర్తుచేశారు కాబట్టి మనకు దక్కింది.

ఇక్కడ నా పోలికకు ఉన్న హద్దును కూడా ఒప్పుకోవాలి. తిరుమల ధర్మగిరి వేద పాఠశాలలో విద్యార్థులు పదం, క్రమం, జట, ఘనం అంటూ ఒకే మంత్రాన్ని పలు విధాల వల్లెవేసి, అక్షరం కూడా జారకుండా కాపాడతారు. తొలి క్రైస్తవుల నోటి బోధ ఆ తరహాది కాదు. ప్రభువు ప్రార్థనే మత్తయిలో ఒక తీరుగా, లూకాలో ఇంకా క్లుప్తంగా ఉంది. "రాజ్యము, బలము, మహిమ" అనే ముగింపు మత్తయి సువార్త యొక్క అతి ప్రాచీన ప్రతుల్లో లేదు. సంఘాలు ఆరాధనలో పలికిన మాట క్రమంగా ప్రతుల్లోకి చేరిందని పాఠపరిశోధకుల అభిప్రాయం. తరువాత ఒకరోజు టీ అంగడి దగ్గర వాదించిన ఆ చర్చికి వెళ్లే పెద్దాయనను, "ప్రార్థన ఎలా ముగిస్తారన్నా?" అని అడిగాను. ఆ ముగింపుతో సహా గడగడా చెప్పారు. ఎక్కడ నేర్చుకున్నారంటే, చదువు రాని వాళ్లమ్మ నేర్పిందన్నారు.

రెండో శతాబ్దం మొదట్లో హియెరాపొలి బిషప్పు పపియస్, పుస్తకాల కంటే సజీవమైన గొంతే తనకు ఎక్కువ ఉపయోగపడిందని రాశారు. అదే శతాబ్దం చివర్లో లియోన్ బిషప్పు ఇరేనియస్, బాల్యంలో తాను చూసిన స్ముర్న బిషప్పు పాలికార్పు ఎక్కడ కూర్చుని బోధించేవారో, ఎలా నడిచి వచ్చేవారో, ప్రభువును చూసిన యోహానుతో తనకున్న పరిచయాన్ని ఎలా చెప్పేవారో గుర్తుచేసుకుంటూ, వాటిని కాగితం మీద కాక గుండెలో రాసుకున్నానంటారు. చిత్రమేమిటంటే, సువార్తలు నాలుగే ఉండాలని గట్టిగా వాదించినవారూ ఈ ఇరేనియసే. గొంతును నమ్మిన మనిషే రేకులను లెక్కపెట్టి భద్రం చేశారు.

సమయం అయిపోతోంది కాబట్టి మిగతా పదిహేడు వందల పైచిలుకు ఏళ్లను పరుగున దాటుతాను. బైబిలు పుస్తకాలను 325 నాటి బిషప్పుల నైసియా సభ ఎంపిక చేసిందన్నది కట్టుకథ. ఆ సభ తీర్మానాల్లో అటువంటి పట్టిక లేదు. ఇప్పుడున్న కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టిక 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన పండుగ లేఖలో కనిపిస్తుంది. 16వ శతాబ్దంలో కాథలిక్కులకూ, మార్టిన్ లూథర్ వైపు చేరిన ప్రొటెస్టంట్లకూ మధ్య జరిగిన గొడవ కూడా మన రేకుతోనే అర్థమవుతుంది. మా గురుకులంలో పాట ఎప్పుడూ ఆగలేదు, కాబట్టి రేకునూ వరుసనూ, అంటే లేఖనాన్నీ సంప్రదాయాన్నీ, సమానమైన భక్తితో స్వీకరించాలని కాథలిక్కులు 1546లో ట్రెంట్ సభలో తీర్మానించారు. మీరు ఈరోజు పాడుతున్నది నాటి వరుసేనని ఎలా తెలుస్తుంది, సరిచూసుకోవడానికి చేతిలో ఉన్నది రేకు ఒక్కటే కదా అని లూథర్ వైపువారు అడిగారు. పెద్దల పారంపర్యాచారం కోసం దేవుని ఆజ్ఞను పక్కన పెడుతున్నారని మార్కు 7వ అధ్యాయంలో ఏసు మందలించిన సంగతిని వారు చూపించారు. రేకు మీద స్వరాలు లేవన్న సంగతి లూథర్ వైపువారికి జవాబు చెప్పడానికి కష్టమైనదని నా అభిప్రాయం; ఏ రేకులు భాండారంలో ఉండాలో, అంటే ఏ పుస్తకాలు బైబిలులో ఉండాలో, ఎవరు చెప్పారన్నది అంతకంటే కష్టమైనది. 1965లో కాథలిక్కుల రెండవ వాటికన్ సభ, లేఖనమూ సంప్రదాయమూ ఒకే ఊట నుంచి వస్తాయని చెబుతూనే, సంఘం బోధనాధికారం దేవుని వాక్యానికి పైది కాదని, దానికి సేవ చేసేదని స్పష్టం చేసింది. చిత్తూరు, మదనపల్లె వైపు చాలామంది సభ్యులున్న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) 1947లో ఏర్పడినప్పుడు లేఖనాన్నే అంతిమ ప్రమాణంగా పెట్టుకుంది. బైబిలు పుటల్లో ఎక్కడా ఆ రూపంలో లేని అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని, నైసియా విశ్వాస ప్రమాణాన్ని కూడా ఆ పక్కనే అంగీకరించింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల మాట వేరు, వాటికి మరో వీడియో కావాలి.